ప్యూరిఫైయర్‌ని అనుమానించడం తగునా?

ఈ మధ్య కొందరు పెద్ద కుట్రకే దిగారు. ఇంట్లో వాటర్ ప్యూరిఫైయర్‌ని అప్పుడప్పుడు విప్పి చూడాలట, ఫిల్టర్లు మార్చాలట, ఎప్పుడు మార్చామో దాని మీదే తేదీ రాసిపెట్టాలట. గోడకి బిగించిన రోజే మన బాధ్యత తీరిపోయిందని నమ్మి బతుకుతున్న సంసారులకి ఇది ఎంత అవమానం!

సెడిమెంట్ ఫిల్టర్‌నే తీసుకోండి. కొత్తలో తెల్లగా ఉంటుంది, కొన్నాళ్లకి ఇటుక రంగుకి తిరుగుతుంది. అంటే పని చేస్తోందనే కదా? అంత మట్టి మోసినదాన్ని చెత్తబుట్టలో వేయడానికి చేతులెలా వస్తాయి? ధార సన్నబడి చెంబు నిండటానికి పావుగంట పట్టినా మనకే మంచిది, ఓపిక పెరుగుతుంది.

కార్బన్ ఫిల్టర్‌ది ఇంకా విశాల హృదయం. క్లోరిన్‌నీ, వాసననీ పట్టేస్తుంది. నిండిపోయాక పట్టడం మానేస్తుంది, అది వేరే సంగతి. క్లోరిన్ పోయిన నీళ్లు, ఎప్పుడూ తడి, పైగా తినడానికి సేంద్రియ పదార్థం, ఇన్ని సౌకర్యాలు ఒక్కచోటే దొరికేసరికి బ్యాక్టీరియా అక్కడే కాపురం పెట్టేస్తుంది. అద్దె అడక్కుండా వాళ్లని పోషిస్తున్నది మనమే, ఎవరూ మెచ్చుకోరు.

ఇక యూవీ దీపం. నీలం లైటు వెలుగుతోందా? వెలుగుతోంది. ఇంకేం కావాలి! నిపుణులు మాత్రం ఊరుకోరు. క్రిముల పని పట్టేది కంటికి కనబడని 254 నానోమీటర్ల కిరణమట, ఆపకుండా వెలిగితే దాదాపు 9,000 గంటలకి, అంటే ఏడాదికి, దీపం చక్కగా వెలుగుతూనే ఆ కిరణం బలహీనపడిపోతుందట, లోపలి గాజు గొట్టం మీద పొర పేరుకుంటే ఆ మిగిలింది కూడా నీళ్లదాకా రాదట. కనబడే వెలుగుని వదిలేసి కనబడనిదాన్ని నమ్మమంటారు, చోద్యం కాకపోతే!

మన అసలు ధైర్యం టీడీఎస్ మీటరు. ముంచగానే 40 అని చూపిస్తే ఇల్లంతా సంబరం. అది కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో మాత్రమే, దాన్నిబట్టి కరిగిన లవణాల అంచనా చెబుతుంది. బ్యాక్టీరియాని లెక్కపెట్టడం దాని ఉద్యోగం కాదు. ఆర్సెనిక్ లీటరుకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అంతకి ఎన్నో రెట్లు ఉన్నా ఈ మీటరు మీద అంకె కదలదు. దానితో నిజంగా పనికొచ్చేది ఒకటుంది: ఆర్వోలోకి వెళ్లే నీళ్లనీ, బయటికొచ్చే నీళ్లనీ తరచూ కొలిచి పోల్చడం. బయటి అంకె నెలనెలా పెరుగుతుంటే ఆర్వోలో లవణాల్ని ఆపే సన్నటి పొర, అంటే మెంబ్రేన్, పాడైనట్టు అనుమానించాలి. అందుకేనేమో, ఆ ఒక్కటి మాత్రం ఎవరూ చేయరు.

ల్యాబ్ పరీక్ష మాట అసలు ఎత్తకండి. 100 మిల్లీలీటర్ల నీళ్లలో మలం కలిసిందని చెప్పే ఈ.కోలి బ్యాక్టీరియా ఒక్కటి కూడా ఉండకూడదట. పరీక్ష చేయిస్తే ఉందో లేదో తెలిసిపోతుంది, తెలిసాక టెన్షన్. లోపలి ట్యాంకు కడగడం సంగతీ అంతే, మూత తీస్తేనే కదా పాచి కనబడేది.

కాబట్టి నా సలహా వినండి. ఫిల్టర్ మార్చమని ఎర్ర లైటు వెలిగితే దాని మీద ఓ మంచి స్టిక్కర్ అంటించండి. స్టిక్కర్ మాత్రం నెలకోసారి మార్చాలి సుమా, తడికి జిగురు ఊడి లైటు కనబడిపోతుంది.