గూడు కట్టి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు కోళ్లగూటి మాట ఎత్తలేదు. వారి కాలంలో గూడంటే ఒక గంప, గంప మీద ఒక రాయి. పైసా ఖర్చు లేని పనికి సామెత దండగని ఊరుకుని ఉంటారు. ఆ లోటు పూడ్చే భారం నా నెత్తిన పడింది.

కోడి ఒక్కింటికి 4 చదరపు అడుగుల చోటుండాలని ఎక్కడో చదివాను. ఐదు కోళ్లకు 20. తన వంటింట్లో తిరగడానికి అంత చోటు లేదని మా ఆవిడ గుర్తు చేసింది. అది వేరే చర్చ అన్నాను. బావగారు వచ్చి వాకిలి తూర్పుకే ఉండాలన్నారు. అటు వీధికుక్కలున్నాయని మనవి చేస్తే, కుక్కలకు కర్ర ఉంది గానీ వాస్తుదోషానికి ఏముందని అడిగారు.

సొంతంగా కట్టడమంటే వడ్రంగిని పిలిచి పక్కన నిలబడటమని మొదటిరోజే బోధపడింది. కోళ్ల జాలీ అని అమ్మేదే కొని కొట్టించాను. అది కోడిని బయటికి పోనివ్వదట గానీ ముంగిసకు అడ్డమే కాదట. విప్పించి అరంగుళం కన్నుల గట్టి జాలీ వేయించాను. ముంగిస నేల తవ్వి కూడా వస్తుందంటే అడుగు లోతున పాతించాను. మా ఇంటి పునాది దగ్గర నేను ఇంతసేపు నిలబడలేదు. లెక్క 23,600 రూపాయల దగ్గర ఆగింది.

పిల్లలను చూసి పెట్టో పుంజో చెప్పడం జపానువారు ప్రత్యేకంగా సాధన చేసిన విద్య. సంతలో నాకు పిల్లలమ్మిన పెద్దమనిషి మాత్రం చూడకుండానే ఐదూ పెట్టలేనని ప్రమాణం చేశాడు. మూడు పుంజులయ్యాయి.

మిగిలినవి రెండు నాటుపెట్టలు. ఏడాదికి తలా 60, 70 గుడ్లు పెడితే గొప్ప. మొదటి ఏడాది గుడ్డు ఒక్కింటికి సుమారు 180 రూపాయలు, నూకలూ తౌడూ కాకుండా. అంత ఖరీదైన వస్తువును పగలగొట్టి అట్టు వేయడానికి చేతులు రాక మొదటి గుడ్డును మూడు రోజులు చూస్తూ కూర్చున్నాం. పొద్దు వాలగానే కోళ్లన్నీ జామచెట్టెక్కుతాయి. అమ్మ అటక మీది గంప దించి దుమ్ము దులిపింది. ఏమీ అనలేదు.

పుంజులు మాత్రం తెల్లవారుజామున మూడింటికే బాధ్యతగా కూస్తున్నాయి. ఎదురింటాయన కోప్పడతారనుకున్నాను. చాలా మర్యాదస్థుడు. ప్రతి శనివారం సాయంత్రం వచ్చి వాటి క్షేమసమాచారాలు అడుగుతున్నారు.