మహారాజశ్రీ క్యూ గారి సముఖానికి

అయ్యా,

ఉభయకుశలోపరి. మీరు కులాసాగా ఉన్నారని వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. ఆసియాలో ఏ మహానగరానికి నాలుగు రోజుల సెలవు మీద వెళ్ళినా, మేము విమానం దిగకముందే మీరు అక్కడ బారులు తీరి ఉంటారు. మా కుశలం అంటారా, మోకాళ్ళ కింది భాగాన్ని మినహాయిస్తే అంతా బాగానే ఉంది. బ్యాంకాక్, సింగపూర్, హాంకాంగ్, తైపే, టోక్యో, సియోల్ నగరాల్లో మీ ఆతిథ్యం స్వీకరించిన పర్యాటకుల తరఫున మీకు కృతజ్ఞతలు తెలుపుకుంటూనే, చాలాకాలంగా మనసులో ఉన్న కొన్ని సందేహాలను మీ ముందు పెడుతున్నాను.

ముందుగా లెక్క చూసుకుందాం. ‘మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు’ అని ట్రావెల్ ఏజెంట్లు ప్రకటించే యాత్రలో మొదటి పగలు విమానంలోనూ, ఆ తరువాత ఇమిగ్రేషన్ హాలులో మీ సన్నిధిలోనూ కరిగిపోతుంది. చివరి పగలు హోటల్ గది ఖాళీ చేయడానికి, సామాను కింద అప్పగించడానికి, విమానాశ్రయానికి ఎన్ని గంటల ముందు బయలుదేరాలో వాదించుకోవడానికి సరిపోతుంది. తినవలసినవి, కొనవలసినవి, చూడవలసినవి అన్నీ మిగిలిన రెండు పగళ్ళలోనే ఇమడాలి. ఊళ్ళో ఉండేవారికి మీ వెనుక గంటసేపు నిలబడటం అంటే ఒక భోజన విరామం పోవడం మాత్రమే, రేపు మళ్ళీ మధ్యాహ్నం వస్తుంది. మాకు ఆ రేపు లేదు. అయినప్పటికీ, అక్కడి ఉద్యోగులు మిమ్మల్ని దూరం నుంచి చూసి, ఒకసారి గడియారం చూసుకుని, పక్క సందులోకి తిరిగిపోతూ ఉంటే, రెండే రెండు పగళ్ళ ఆస్తి చేతిలో ఉన్న మేము ఏమాత్రం తడుముకోకుండా వచ్చి మీ చివర చేరతాము. మమ్మల్ని ఇంతగా ఎలా లొంగదీసుకున్నారన్నదే నా మొదటి సందేహం.

దీనికి నాకు తోచిన సమాధానం ఒకటి ఉంది. ఒకప్పుడు మీరు మాకూ, మేము కోరుకున్న వస్తువుకూ నడుమ అడ్డంగా ఉండేవారు. ఇప్పుడు ఏది కోరుకోవాలో చెప్పే అధికారం కూడా మీకే దఖలు పడింది. తెలియని ఊళ్ళో, చదవలేని లిపిలో రాసి ఉన్న బోర్డుల మధ్య నిలబడిన మనిషికి తన నాలుక మీద నమ్మకం పోతుంది, మీ పొడవు మీద నమ్మకం కుదురుతుంది. ‘లోకో భిన్నరుచిః’ అన్న పెద్దలు మిమ్మల్ని చూసి ఉండరు.

సింగపూర్ సంగతే తీసుకోండి. అక్కడి హాకర్ సంస్కృతిని 2020లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకే కప్పు కింద పదుల కొద్దీ చిన్న దుకాణాలు, ఎవరికి నచ్చింది వారు తెచ్చుకుని ఒకే బల్ల మీద కలిసి తినడం, ఇదీ ఆ సంస్కృతికి ప్రాణం. ఇంత వైవిధ్యం ఉన్నచోట మేము ఏం చేస్తామో మీకు తెలుసు. పక్కపక్కనే రెండు దుకాణాలు ఉంటాయి. రెండింటి అద్దాల వెనుకా కొక్కేలకు కోళ్ళు వేలాడుతూ ఉంటాయి. రెండు చోట్లా కోడి ఉడికించిన నీటిలో అల్లం వేసి వండిన అన్నమే, రెండు చోట్లా చిన్న గిన్నెలో అదే ఎర్రటి మిరపకాయ సాసే. ఒకదాని ముందు మీరు మూడు మలుపులు తిరిగి ఉంటారు. రెండోదాని యజమాని కత్తి పక్కన పెట్టి, ఇప్పటికే శుభ్రంగా ఉన్న చెక్క పలకను మళ్ళీ తుడుస్తూ, మా వైపు ఒక చూపు చూస్తాడు. మేము ఆ చూపు తప్పించుకుని వచ్చి మీ చివర చేరిపోతాము. అతని అన్నం బాగుండదని మాకు ఎవరూ చెప్పలేదు. అతని ముందు మీరు లేరు, అంతే.

మీ వెనుక నిలబడటంతో పాటు మేము చేసే మరో ఘనకార్యం ఏమిటంటే, ఖాళీ బల్ల దొరికిందన్న ఆనందంలో దాని మీద ఉన్న టిష్యూ కాగితాల పొట్లాన్ని పక్కకు జరిపి మా సంచులు పెట్టుకోవడం. ఆ పొట్లం ఎవరో మరచిపోయిన వస్తువు కాదని, బల్ల తనదేనని చెప్పడానికి ఆ ఊరివాళ్ళు పెట్టే గుర్తు అని, చేతిలో వేడి నూడుల్స్ పళ్ళెంతో ఒక ఉద్యోగిని వచ్చి ఏమీ అనకుండా నిలబడినప్పుడు గాని మాకు తెలియదు.

2016లో మంచి భోజనశాలలకు స్టార్లు ఇచ్చే మిషెలిన్ గైడ్ సింగపూర్ తొలి సంచిక రెండు హాకర్ దుకాణాలకు చెరొక స్టార్ ఇచ్చినప్పుడు మీ వైభవం పతాక స్థాయికి చేరింది. వాటిలో సోయా సాస్ కోడి అన్నం అమ్మే దుకాణానికి, ప్రపంచంలోకెల్లా చవకైన స్టార్ భోజనమని పత్రికలు పొగిడిన దానికి, 2021లో ఆ స్టార్ పోయింది. ఇచ్చినవారు వెనక్కి తీసుకోగలిగారు సరే, లక్షలాది ఫోన్లలో దాచుకున్న ‘తప్పక తినవలసినవి’ జాబితాల నుంచి ఆ పేరును తీసేవారెవరు? బ్యాంకాక్‌లో వీధి వంటలకు పేరుపడ్డ జే ఫై విషయం వేరు. కళ్ళకు మంచు క్రీడల గాగుల్స్ పెట్టుకుని, భగభగమండే బొగ్గుల పొయ్యి ముందు నిలబడి, పీత మాంసం దట్టించిన ఆమ్లెట్‌ను నూనెలో తిప్పుతూ కాల్చే ఆ పెద్దావిడ పనితనానికి 2017 డిసెంబరులో స్టార్ వచ్చింది, అది ఆమె స్వార్జితం. కానీ ఆ పనితనాన్ని చూడటానికి వచ్చినవారు తిరిగి వెళ్ళి వర్ణించేది మాత్రం పొద్దున్నే వెళ్ళి పేరు రాయించుకున్న వైనాన్నీ, ఎన్ని గంటలు కూర్చున్నదీ! ఆమ్లెట్‌కు ఒక వాక్యం, మీకు ఒక అధ్యాయం.

నా దృష్టిలో మీ అసలు మాయ ఇక్కడే ఉంది. గంటన్నర నిలబడి తిన్న వంటకం బాగోలేదని ఒప్పుకోవడానికి ఎవరికీ నోరు రాదు. ఒప్పుకుంటే పోయేది వంటవాడి పరువు కాదు, మా గంటన్నర. కనుక మొదటి ముద్ద నోట్లో పడకముందే తీర్పు సిద్ధమై ఉంటుంది, ఆ తీర్పు చదివి మరో యాభై మంది వచ్చి మీ పొడవు పెంచుతారు. ఇంత నమ్మకమైన ప్రచారకులను జీతం లేకుండా సంపాదించుకున్న సంస్థ మరొకటి లేదు.

టోక్యోలో మీరు కొంత సంస్కారవంతులు. రామెన్ అనే నూడుల్స్ పులుసు అమ్మే దుకాణం బయట గోడ పక్కన బల్ల మీద ఒద్దికగా కూర్చోబెడతారు, ఒకరు లోపలికి వెళ్ళగానే అందరినీ ఒక్కొక్క స్థానం జరుపుతారు, లోపల టికెట్ యంత్రం దగ్గర బొత్తాం ఎంచుకోలేక తికమకపడే విదేశీయుడిని చూసి వెనుకవాళ్ళు నిట్టూర్చకుండా కట్టడి చేస్తారు. 2018 అక్టోబరులో సుకిజి చేపల టోకు మార్కెట్‌ను టొయోసుకు తరలించినప్పుడు అక్కడి పేరున్న సుషీ దుకాణాలతో పాటు మీరు కూడా మూటాముల్లె సర్దుకుని వెళ్ళడం చూస్తే మీ స్వామిభక్తికి ముచ్చటేస్తుంది.

ఇక చూడవలసిన ప్రదేశాలు. 508 మీటర్ల తైపే 101 భవనంలో లిఫ్టు 5వ అంతస్తు నుంచి 89వ అంతస్తుకు 37 సెకన్లలో చేరుస్తుంది. ఆ లిఫ్టు ద్వారం దగ్గరకు చేరడానికి సెలవు రోజుల్లో పట్టే సమయాన్ని ఏ ఇంజనీరూ సెకన్లలో లెక్కకట్టే సాహసం చేయలేదు. అదే ఊళ్ళోని జాతీయ ప్యాలెస్ మ్యూజియంలో చైనా చక్రవర్తుల సంపద గదుల నిండా ఉంటే, మీరు పేరుకునేది మాత్రం రెండు వస్తువుల ముందు: జేడ్ రాతిలో చెక్కిన 18.7 సెంటీమీటర్ల క్యాబేజీ, పంది మాంసం ముక్కను తలపించే ఆరు సెంటీమీటర్ల ఎత్తైనా లేని రాయి. నిశితంగా పరిశీలిస్తే క్యాబేజీ ఆకుల మీద ఒక మిడత, ఒక కీచురాయి కూడా కనిపిస్తాయని అంటారు; మీరు మమ్మల్ని అద్దం ముందు ఆపనిస్తే కదా చూడటానికి! రాత్రి బజారులోనూ తిండి ముందే, మ్యూజియంలోనూ తిండి ముందే నిలబెట్టడంలో మీ నిలకడను మాత్రం మెచ్చుకోవాలి.

హాంకాంగ్‌లో 1888 నుంచి కొండ ఎక్కిస్తున్న పీక్ ట్రామ్ దగ్గర మీరు మెలికలు తిరిగి ఉంటారు. అదే 1888లో మొదలైన స్టార్ ఫెర్రీ కొన్ని హాంకాంగ్ డాలర్లకే చిమ్ షా చుయ్ నుంచి సెంట్రల్ దాకా అవే ఆకాశహర్మ్యాలను నీటి మీది నుంచి చూపిస్తుంది, చెక్క సీటు మీద కూర్చోబెట్టి మరీ. అక్కడ మీరు దాదాపు కనిపించరు. అందుకే కాబోలు, అది చాలామందికి చూడవలసిన వాటిలో ఒకటిగా కాక, అటునుంచి ఇటు రావడానికి ఒక పడవగా మాత్రమే మిగిలిపోయింది. టోక్యోలో 229 మీటర్ల ఎత్తున, నగరాన్ని చూడటానికి కట్టిన షిబుయా స్కై అనే డాబా మీదకు వెళితే నాలుగు వైపులా నగరం పరుచుకుని ఉంటుంది. జనం మాత్రం ఒక మూల అద్దం పక్కన ఫొటో దిగడానికి నగరానికి వీపు పెట్టి నిలబడి ఉంటారు. నగరం కాకపోయినా బాలీలోని లెంపుయాంగ్ ఆలయం ఇక్కడ తలచుకోదగినది. అక్కడ గంటల తరబడి వేచి ఉన్నవారిని రాతి ద్వారం మధ్య నిలబెట్టి, ఫోన్ కింద చిన్న అద్దం పట్టుకుని ఫొటో తీస్తారు. ఆ అద్దమే ఫొటోలో సరస్సులా కనిపిస్తుంది. లేని సరస్సు కోసం ఉన్న మీరు!

మీరు లేని దారి సుఖమైనదని నేను వాదించడం లేదు. బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్ దగ్గర, టికెట్ల గుంపును చూసి నీరసపడిన పర్యాటకుడిని చక్కని చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి ఆపి, ఈ రోజు ప్యాలెస్ మూసివేశారని, తానే చవకగా టుక్‌టుక్ మాట్లాడిపెడతానని అనునయంగా చెబుతాడు. ఆ బండి తిరిగి తిరిగి ఆగే రత్నాల దుకాణంలో మీ జాడ బొత్తిగా ఉండదు. చల్లటి గది, మెత్తటి సోఫా, ఉచితంగా ఒక శీతల పానీయం. మీరు లేని చోట ఎంత ఖర్చవుతుందో అక్కడ తెలుస్తుంది.

కొనుగోళ్ళ దగ్గర మీరు రెండుసార్లు దర్శనమిస్తారు, ఒకసారి డబ్బు ఇవ్వడానికి, ఒకసారి తీసుకోవడానికి. ఇవ్వడానికి నిలబడటంలో సియోల్‌కు సాటి లేదు. ఖరీదైన హ్యాండ్‌బ్యాగులు అమ్మే దుకాణాల ముందు తలుపులు తెరవకముందే చేరి, తెరవగానే పరుగెత్తడానికి ‘ఓపెన్ రన్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. తీసుకోవడం ఇంకా గొప్ప ఘట్టం. థాయ్‌లాండ్‌లో ఒక దుకాణంలో ఒక రోజు 2,000 బాత్‌ల సరుకు కొంటే 7 శాతం పన్ను వాపసుకు కాగితం ఇస్తారు. పన్నుతో కలిపిన 2,000లో ఆ పన్ను 130 బాత్‌ల చిల్లరకు మించదు. బిల్లులు పెద్దవైతే చెకిన్‌కు ముందు సరుకు చూపించి కస్టమ్స్ ముద్ర వేయించుకోవడానికి ఒకసారి, ఇమిగ్రేషన్ దాటాక సొమ్ము చేతిలో పడటానికి మరొకసారి మిమ్మల్ని ఆశ్రయించాలి. జపాన్‌లో ఒకే దుకాణంలో కొన్నది 5,000 యెన్‌లకు చేరితే పాస్‌పోర్టు చూపగానే అక్కడికక్కడే పన్ను తీసేసే పద్ధతి ఉండేది. దాన్ని మార్చి, 2026 నవంబరు నుంచి పన్ను ముందే కట్టించుకుని, దేశం విడిచే సమయంలో తిరిగి ఇచ్చే ఏర్పాటు చేయాలని అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది. విమానాశ్రయాల్లో మీ రాజ్యవిస్తరణకు ముందస్తు అభినందనలు.

మిమ్మల్ని తప్పించుకోవడానికి డబ్బు తీసుకుని వేరే టికెట్ అమ్మే పద్ధతి కూడా వచ్చిందని మీకు తెలియనిది కాదు. ఆ టికెట్ కొన్నవాళ్ళంతా చేరగా ఏర్పడిన రెండో వరుస మీ సంతానమా, మీరేనా అన్నది తేల్చుకోలేక వదిలేశాను.

చివరిగా ఒక మనవి, ఒక ప్రశ్న. మనవి ఏమిటంటే, మీ తోక దగ్గర ఒక చిన్న బోర్డు పెట్టించండి. ముందు ఏముందో, అది పక్క దుకాణంలో కూడా దొరుకుతుందో లేదో అందులో రాయించండి. నాలుగు మలుపుల అవతల ఉన్నది బుట్టలో ఉడికిన డిమ్ సమ్మో, ఫోన్ సిమ్ కార్డో తెలియకుండానే మీ వెనుక చేరినవారిని నేను చూశాను. ప్రశ్న విమానాశ్రయానికి సంబంధించినది. బోర్డింగ్ పాస్ మీద అందరి సీటు నంబర్లూ అచ్చువేసి ఉంటాయి. ముందు ఎక్కినవాడికి విమానం ముందు బయలుదేరదు. అందరూ ఎక్కేదాకా అది కదలదు. అయినా గేటు దగ్గర తెర మీద విమానం పేరు కనిపించగానే, మెత్తటి కుర్చీలను వదిలేసి మేమంతా లేచి మీ వెనుక ఎందుకు నిలబడతాము? ఈ ఒక్కదానికి సమాధానం తిరుగు టపాలో తెలియజేయగలరు. ఇంకా పిలవలేదు, మా గ్రూపు అన్నిటికంటే చివరిది, కానీ పక్క కుర్చీలోని ఆయన సంచి భుజాన వేసుకున్నారు కనుక నేను కూడా లేవవలసి వస్తోంది.

ఇట్లు,
తమ విధేయుడు,
34బి సీటు ప్రయాణికుడు