గడువు మధ్యలో లాగేసుకున్న రక్షణ

అమెరికా ప్రభుత్వ గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో 2025 జనవరి 17న నాలుగు ప్రకటనలు వెలువడ్డాయి. వెనెజువెలా, ఎల్ సాల్వడార్, ఉక్రెయిన్, సూడాన్ దేశస్థులకు ఉన్న తాత్కాలిక రక్షణ హోదాను (టీపీఎస్) మరో 18 నెలలు పొడిగిస్తూ బైడెన్ ప్రభుత్వం దిగిపోయే ముందు తీసుకున్న నిర్ణయాలవి. పదకొండు రోజులు తిరిగేసరికి కొత్త హోంల్యాండ్ సెక్యూరిటీ మంత్రి క్రిస్టీ నోయెమ్ వాటిలో వెనెజువెలా పొడిగింపును రద్దు చేశారు. మిగతా మూడింటి జోలికి పోలేదు. హడావిడిగా ఇచ్చిన పొడిగింపు చెల్లదన్నదే కొత్త ప్రభుత్వ అసలు అభ్యంతరమైతే అది నాలుగింటికీ వర్తించాలి కదా!

ఈ హోదా 1990లో సీనియర్ బుష్ సంతకంతో చట్టమైంది. యుద్ధం, ప్రకృతి వైపరీత్యం, లేదా మరేదైనా అసాధారణ పరిస్థితి వల్ల స్వదేశానికి తిరిగి వెళ్లలేనివారిని, అప్పటికే అమెరికాలో ఉన్నవారైతే, 6 నుంచి 18 నెలల వరకు వెనక్కి పంపకుండా, పని చేసుకునే అనుమతి ఇచ్చి ఉండనివ్వడం దాని ఉద్దేశం. ఇది వీసా కాదు, శరణార్థి హోదా అంతకన్నా కాదు, గ్రీన్ కార్డుకు దారి అసలే కాదు. 2025 మొదట్లో 17 దేశాలకు చెందిన దాదాపు 13 లక్షల మంది దీని నీడలో ఉన్నారు. అందులో వెనెజువెలా వారే సుమారు 6 లక్షలు.

తాత్కాలికమన్నది శాశ్వతమైపోయిందని టీపీఎస్ విమర్శకులు అనే మాటలో నిజం లేకపోలేదు. 1998 నాటి మిచ్ తుపాను కారణంగా హోండురాస్, నికరాగువా వారికి 1999లో ఇచ్చిన హోదా పాతికేళ్లు దాటినా నడుస్తూ వచ్చింది. 2001 భూకంపాల పేరుతో ఎల్ సాల్వడార్‌కు ఇచ్చినదీ అంతే. తుపాను వెళ్లిపోయిన పాతికేళ్ల తర్వాత కూడా అదే కారణం చూపించి పొడిగించడం చట్టం ఉద్దేశానికి దూరంగా జరగడమేనని ఒప్పుకోవాలి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ముగించే ధైర్యం, శాశ్వత పరిష్కారం చూపే ఓపిక రెండూ లేక, పొడిగింపు సంతకంతో సరిపెట్టుకుంది. 2017-18లో ట్రంప్ తొలి ప్రభుత్వం ఆరు దేశాల హోదాను ముగిస్తామన్నప్పుడు కోర్టులు ఆపాయి గానీ, అప్పుడు ప్రభుత్వం కనీసం గడువు పూర్తయ్యే వేళకు, సర్దుకోవడానికి ఏడాదో ఏడాదిన్నరో వ్యవధి ఇచ్చి ముగించబోయింది.

2025లో జరిగింది వేరు. హోదాను ముగించేటప్పుడు, నోటీసు వెలువడి 60 రోజులు నిండేదాకా గానీ, అంతకుముందు ఇచ్చిన పొడిగింపు గడువు తీరేదాకా గానీ, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా ఆ ముగింపు అమల్లోకి రాకూడదని చట్టమే చెబుతోంది. వెనెజువెలా పొడిగింపు 2026 అక్టోబర్ 2 వరకు ఉంది కాబట్టి, నేరుగా ముగించే వీలు లేదు. అందుకని ముందు ఆ పొడిగింపే జరగనట్టు కొట్టేసి, తర్వాత పాత గడువు దగ్గరపడిందంటూ ముగించారు. ఇచ్చిన పొడిగింపును వెనక్కి తీసుకునే అధికారం మంత్రికి ఉన్నట్టు చట్టంలో ఎక్కడా రాసి లేదు.

కాలిఫోర్నియా ఫెడరల్ జడ్జి ఎడ్వర్డ్ చెన్ మార్చి 31న ఈ నిర్ణయాన్ని నిలిపేస్తే, మే 19న సుప్రీంకోర్టు కారణాలేవీ చెప్పకుండా ఆ ఉత్తర్వును పక్కనపెట్టింది. సుమారు 3.5 లక్షల మంది రక్షణ ఒక్క చిన్న ఉత్తర్వుతో పోయింది. సెప్టెంబర్‌లో చెన్ పూర్తి తీర్పు ఇచ్చినా, అక్టోబర్ 3న సుప్రీంకోర్టు మళ్లీ అదే పని చేసింది. ఈ మధ్యలో పుట్టిన ఒక చిత్రం చెప్పుకోవాలి. 2026 అక్టోబర్ 2 తేదీ వేసిన కార్డు గానీ, ఆమోద పత్రం గానీ 2025 ఫిబ్రవరి 5లోగా అందుకున్నవారికి హోదా ఆ తేదీ దాకా ఉంటుందని చెన్ మే నెలాఖరున ఆదేశించారు. అంటే అదే రోజు దరఖాస్తు చేసిన ఇద్దరిలో, కాగితం ముందు చేతికి అందినవారు పనికి వెళ్లొచ్చు, అందనివారు ఇంట్లో కూర్చోవాలి. జడ్జిని తప్పుపట్టలేం, సుప్రీంకోర్టు వదిలిన ఇరుకు సందులో ఆయన చేయగలిగింది అంతే.

హైతీ విషయంలోనూ ఇదే పద్ధతి. 2026 ఫిబ్రవరి 3 వరకు ఉన్న గడువును 2025 ఆగస్టు 3కు కుదించారు. అలా కత్తిరించే అధికారం మంత్రికి లేదని న్యూయార్క్ ఫెడరల్ జడ్జి బ్రయన్ కోగన్ జులై 1న తేల్చారు. దాంతో ప్రభుత్వం అసలు గడువు నాటికే ముగిస్తామని మరో నోటీసు ఇచ్చింది, అదీ కోర్టుకెక్కింది. హైతీ వారు క్షేమంగా తిరిగి వెళ్లొచ్చని ఒక శాఖ చెబుతుంటే, హైతీకి అసలు ప్రయాణించవద్దని విదేశాంగ శాఖ అత్యున్నత స్థాయి హెచ్చరిక కొనసాగించింది. 2024 నవంబర్‌లో దిగబోతున్న విమానంపై తూటాలు పడ్డాక, పోర్టో ప్రిన్స్‌కు అమెరికా విమానాలు ఎగరకుండా ఆ దేశ విమానయాన నియంత్రణ సంస్థ నిషేధం పెట్టింది. అసలు గడువు నాటికి ముగించాలన్న నిర్ణయంతోనూ నేను ఏకీభవించను, కానీ గడువు తీరే దాకా ఆగడం కనీసం చట్టం చూపిన దారి.

గడువు మీద నమ్మకం పోతే పని ఎలా నడుస్తుందో యాజమాన్యాలకు తెలుసు. ఏ12 అనే కోడ్ ఉన్న వర్క్ పర్మిట్ కార్డుపై తేదీ దాటిపోయినా, ఫెడరల్ రిజిస్టర్ నోటీసు ప్రింటు జతచేస్తే ఉద్యోగంలో కొనసాగనివ్వడం ఇన్నాళ్లూ ఆనవాయితీ. అంత బరువున్న నోటీసునే ప్రభుత్వం కొట్టేయగలిగితే ఆ ప్రింటును నమ్మేదెవరు? పైగా 2025 జులై చట్టం దరఖాస్తు రుసుమును 50 డాలర్ల నుంచి 500కు పెంచి, వర్క్ పర్మిట్‌ను ఒక్కో ఏడాదికే పరిమితం చేసింది.

భారతీయులకు టీపీఎస్ ఎప్పుడూ లేదు కనుక ఇది మనకు సంబంధించని గొడవని అనుకునే తెలుగువారు అక్కడ చాలామంది. కానీ రెన్యువల్ దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నంతకాలం పాత వర్క్ పర్మిట్ దానంతటదే 540 రోజుల దాకా పొడిగింపు పొందే సౌలభ్యాన్ని 2025 అక్టోబర్ 30 నుంచి ఎత్తేసినప్పుడు, హెచ్1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాములకిచ్చే హెచ్4 వీసాపై ఉద్యోగాలు చేస్తున్న మన ఆడపడుచులపైనా ఆ దెబ్బ పడింది. తేడా ఏమిటంటే, అక్కడ ఇప్పటికే పెట్టుకున్న దరఖాస్తులను వదిలేసి, ఆ తేదీ నుంచి పెట్టేవాటికే కొత్త నిబంధన వర్తింపజేశారు. వెనెజువెలా వారికి ఆ మాత్రం మర్యాద కూడా దక్కలేదు.

ఐరోపా సమాఖ్య 2022 మార్చిలో ఉక్రెయిన్ వారికి ఇచ్చిన రక్షణను 2027 మార్చి దాకా పొడిగిస్తూనే, ఆ తర్వాత వారిని ఇతర నివాస అనుమతుల్లోకి ఎలా మార్చాలో ఆలోచించమని 2025లోనే సభ్య దేశాలకు సిఫారసు చేసింది. అది ఎంతవరకు అమలవుతుందన్నది వేరే చర్చ. అమెరికా కాంగ్రెస్ మాత్రం 1990 చట్టంలోనే అలాంటి దారికి తాళం వేసింది: టీపీఎస్ ఉన్నవారికి శాశ్వత నివాసం ఇచ్చే బిల్లును చేపట్టాలంటే సెనేట్‌లో అయిదింట మూడు వంతుల మద్దతు కావాలని అందులోనే రాసుకుంది. 2021 మార్చిలో ప్రతినిధుల సభ ఆమోదించిన అలాంటి బిల్లు సెనేట్‌లోనే ఆగిపోయింది. ఆ నిబంధనను ఎత్తేయడం రేపే జరిగేది కాదు గానీ, ఇచ్చిన గడువును మంత్రి మధ్యలో రద్దు చేయకూడదని ఒక్క వాక్యం చేర్చడానికి వలసల మీద ఏకాభిప్రాయం అవసరం లేదు. రేపు అధికారంలోకి వచ్చేవారి చేతిలోనూ ఇదే కత్తి ఉంటుందన్న ఎరుక రెండు పార్టీలకూ ఉంటే చాలు.