ట్రెంట్ విలియమ్స్ దొరక్కపోవడమే చీఫ్స్ అదృష్టం

2021 మార్చిలో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కాన్సాస్ సిటీ చీఫ్స్ జట్టు ముందు ఇద్దరు పెద్ద ఫ్రీ ఏజెంట్లున్నారు, అంటే ఒప్పందం ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగలిగే ఆటగాళ్లు. ఒకరు ట్రెంట్ విలియమ్స్, ఆ తరంలో అందరికంటే గొప్ప లెఫ్ట్ టాకిల్. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ఐదుగురి వరుసే ఆఫెన్సివ్ లైన్: రెండు అంచుల్లో టాకిల్స్, నడిమధ్యలో సెంటర్, సెంటర్‌కి చెరో పక్కన గార్డులు. రెండోవాడు జో థూనీ, న్యూ ఇంగ్లండ్ జట్టులో ఐదేళ్లు లెఫ్ట్ గార్డ్‌గా ఆడినా మామూలు ప్రేక్షకుడికి పేరు కూడా తెలియని ఆటగాడు. విలియమ్స్ కోసం చీఫ్స్ చివరిదాకా పోటీ పడ్డారు. అతను ఆరేళ్లకు 13.8 కోట్ల డాలర్ల ఒప్పందం మీద శాన్ ఫ్రాన్సిస్కోలోనే ఉండిపోయాడు. థూనీ మాత్రం ఐదేళ్లకు 8 కోట్ల డాలర్లకు వచ్చాడు. చీఫ్స్‌కి ఇంతకంటే మేలు జరిగే అవకాశమే లేదని నా గట్టి నమ్మకం. నాలుగేళ్ల తర్వాత ఆ థూనీనే షికాగోకి పంపేయడం వాళ్లు చేసిన అతి పెద్ద తప్పు.

నేపథ్యం అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్‌లో, టాంపా బే చేతిలో 31-9 ఓటమి. ఇద్దరు టాకిల్స్, ఎరిక్ ఫిషర్, మిచెల్ ష్వార్ట్జ్, గాయాలతో ఆడలేదు. చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ మీద ఆ రోజు 29 సార్లు ఒత్తిడి పడింది. సూపర్ బౌల్ చరిత్రలో ఏ క్వార్టర్‌బ్యాక్ మీదా అంతవరకు అన్నిసార్లు పడలేదు. నెల తిరగ్గానే టాకిల్స్ ఇద్దరినీ వదిలేశారు. పైగా కోవిడ్ దెబ్బకి ఆ ఏడాది శాలరీ క్యాప్, అంటే ఒక జట్టు జీతాలకు పెట్టగల గరిష్ఠ మొత్తం, 19.8 కోట్ల నుంచి 18.25 కోట్ల డాలర్లకు పడిపోయింది. అలాంటి ఏడాదిలో ఒక్కడి మీదే అంత డబ్బు పెట్టి ఉంటే మిగతా నాలుగు స్థానాలకు ఏం మిగిలేది?

మిగిలిన వనరులతో వాళ్లు చేసింది చూడండి. బాల్టిమోర్‌తో ట్రేడ్ చేసి ఓర్లాండో బ్రౌన్‌ను తెచ్చారు. కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, రెండో రౌండ్‌లో సెంటర్ క్రీడ్ హంఫ్రీని, ఆరో రౌండ్‌లో గార్డ్ ట్రే స్మిత్‌ను పట్టారు. సెప్టెంబర్‌లో మొదటి మ్యాచ్‌కి దిగిన ఐదుగురిలో ఒక్కడు కూడా అంతకుముందు చీఫ్స్ తరఫున మ్యాచ్ ఆడినవాడు కాదు. రెండో ఏడాది చివర్లో, 2023 ఫిబ్రవరిలో, రైట్ టాకిల్ ఒక్కడే మారిన ఇదే లైన్ ఫిలడెల్ఫియా ఈగల్స్ ఎదుట నిలబడింది. ఆ సీజన్‌లో ఈగల్స్ డిఫెన్స్ 70 శాక్స్ చేసింది, అంటే బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను అన్నిసార్లు పడగొట్టింది. సూపర్ బౌల్‌లో చేసినవి సున్నా. ఇంకో సంగతి, ఆ రోజు రైట్ టాకిల్‌గా ఆడిన ఆండ్రూ వైలీని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. అతని పక్కనున్న ముగ్గురు, అంటే మధ్యలో ఆడే ఇద్దరు గార్డులూ సెంటరూ, గట్టివాళ్లు కాబట్టి కోచ్‌లు తమ సాయమంతా అంచుల్లో ఉన్న టాకిల్స్‌కి పంపగలిగారు.

నా వాదన మొత్తం ఇక్కడే ఉంది. ఆఫెన్సివ్ లైన్ చెరువు కట్టలాంటిది. తొంభై తొమ్మిది చోట్ల ఎంత గట్టిగా ఉన్నా ఒక్కచోట గండి పడితే ఊరు మునుగుతుంది. డిఫెన్స్ కోచ్ ఎప్పుడూ మీ బలమైన ఆటగాడి మీదకి రాడు, బలహీనుణ్ని వెతుక్కుని అక్కడే కొడతాడు. అందుకే లైన్ విషయంలో ఒక్క మహా ఆటగాడి కంటే ఐదుగురు మంచి ఆటగాళ్లు మేలు. బంతి పట్టే రిసీవర్ల విషయంలో అలా కాదు, అక్కడ ఒక్క స్టార్ చాలు మ్యాచ్ తిప్పేయడానికి.

పైగా క్వార్టర్‌బ్యాక్‌ను చేరడానికి అన్నిటికంటే దగ్గరి దారి మధ్యలోంచే. అంచుల నుంచి ఒత్తిడి వస్తే అతను రెండడుగులు ముందుకేసి తప్పించుకోవచ్చు, బంతి విసరొచ్చు. గార్డు ఓడిపోయి ఎదురుగానే మనిషి వచ్చేస్తే వేయడానికి అడుగే ఉండదు. 1985 నవంబర్‌లో డిఫెండర్ లారెన్స్ టేలర్ దెబ్బకి క్వార్టర్‌బ్యాక్ జో థైస్మన్ కాలు విరిగినప్పటి నుంచి లీగ్ అంతా అంచుల గురించే భయపడుతోంది. 1993లో ఫ్రీ ఏజెన్సీ వచ్చాక ఆ భయం లెఫ్ట్ టాకిల్స్ జీతాల్లోకి ఎక్కింది. కానీ ఆట మారింది. ఆరన్ డొనాల్డ్ మధ్యలో ఆడుతూ మూడుసార్లు ఉత్తమ డిఫెండర్ అయ్యాడు. చీఫ్స్ స్వయంగా మధ్యలో ఆడే క్రిస్ జోన్స్‌కి 2024లో ఐదేళ్లకు 15.8 కోట్ల డాలర్ల పైన ఇచ్చారు. లోపలి నుంచి దాడి చేసేవాడికి అంత విలువ కట్టిన జట్టు, లోపల అడ్డుకునేవాణ్ని ఎందుకు తక్కువ చేసి చూడాలి?

టాకిల్స్‌కే డబ్బు పెట్టాలనేవాళ్ల వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. అంత పొడవైన చేతులు, అంత చురుకైన పాదాలు ఉన్న భారీ మనుషులు దొరకరు. మంచి లెఫ్ట్ టాకిల్ మార్కెట్‌లోకి రావడమే అరుదు. విలియమ్స్ కూడా ఒప్పందం తర్వాత వరుసగా మూడేళ్లు ఆల్‌ప్రో అనే లీగ్ ఉత్తమ జట్టులో చోటు సంపాదించాడు, అతని ఆటలో వంక పెట్టలేం. కానీ అరుదైనదంతా అవసరమైనది కాదు.

చీఫ్స్ తర్వాత ఏం చేశారో చూస్తే బాధేస్తుంది. 2023లో బ్రౌన్‌ను వదులుకుని జాక్సన్‌విల్ నుంచి జవాన్ టేలర్‌ను నాలుగేళ్లకు 8 కోట్ల డాలర్లకు తెచ్చారు. థూనీకి ఐదేళ్లకు ఇచ్చిన మొత్తం ఇతనికి నాలుగేళ్లకే. ఆ సీజన్‌లో లీగ్ మొత్తంలో ఎక్కువ పెనాల్టీలు తెచ్చుకున్నది టేలరే. తన పాత జట్టు మీద ఆడిన మ్యాచ్‌లో ఐదు పెనాల్టీలు పడ్డాక కాసేపు బెంచ్ మీద కూర్చోబెట్టారు కూడా. 2024లో లెఫ్ట్ టాకిల్ స్థానంలో ఒకరి తర్వాత ఒకరిని మార్చి చూసి, ఎవరూ నిలబడకపోతే, చివరికి థూనీనే అక్కడికి జరిపారు. ఒక కన్నం పూడ్చడానికి ఇంకో కన్నం తవ్వడమంటే ఇదే. 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో ఫిలడెల్ఫియా ఒక్కసారి కూడా బ్లిట్జ్ చేయకుండానే, అంటే అదనపు మనుషుల్ని దాడికి పంపకుండానే, మహోమ్స్‌ను ఆరుసార్లు పడగొట్టింది. స్కోరు 40-22.

దాన్నుంచి నేర్చుకున్న పాఠం? మరుసటి నెలలోనే థూనీని 2026 డ్రాఫ్ట్ నాలుగో రౌండ్ పిక్ కోసం షికాగోకి ఇచ్చేశారు. దాంతో క్యాప్‌లో సుమారు 1.6 కోట్ల డాలర్లు మిగిలాయి. జేలన్ మూర్ అనే టాకిల్‌కి రెండేళ్లకు 3 కోట్లు, అంటే ఏడాదికి కోటిన్నర, రాసిచ్చారు. తర్వాత డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో జాష్ సిమన్స్‌ను కూడా తీసుకుని లెఫ్ట్ టాకిల్ అతనికే అప్పగించారు. అంటే మూర్‌కి పెట్టిన డబ్బంతా బ్యాకప్ కోసమే! ట్రే స్మిత్‌ను ఉంచుకోవడానికి థూనీని వదలక తప్పలేదని సమర్థించేవాళ్లకు నా జవాబు ఈ మూర్ ఒప్పందమే.

షికాగో అదే సమయంలో మధ్యలో ముగ్గురినీ మార్చేసింది. థూనీతో పాటు జోనా జాక్సన్, సెంటర్‌గా ఫ్రీ ఏజెంట్ డ్రూ డాల్మన్. 2024లో షికాగో క్వార్టర్‌బ్యాక్ కేలబ్ విలియమ్స్‌ను 68 సార్లు శాక్ చేశారు. మరుసటి ఏడాది ఆ లెక్క సగం కన్నా దిగువకు వచ్చింది, జట్టు డివిజన్ గెలిచింది. కొత్త కోచ్ బెన్ జాన్సన్‌కీ అందులో వాటా ఉంది, కాదనను. కానీ ఆయన కూడా లోపలి నుంచే కట్టుకొచ్చాడు. అదే సీజన్‌లో కాన్సాస్ సిటీ ప్లేఆఫ్స్‌కి కూడా చేరలేదు.

ఫ్రీ ఏజెంట్ కాబోయే ఆటగాణ్ని లీగ్ లెక్కగట్టిన జీతానికి ఇంకో ఏడాది ఆపుకోవడమే ఫ్రాంచైజీ ట్యాగ్. ఆ లెక్కల్లో లీగ్ టాకిల్, గార్డ్, సెంటర్ అని విడదీయదు, అందరినీ ఒకే గంపలో వేస్తుంది. 2025లో స్మిత్ ట్యాగ్ విలువ 2.34 కోట్ల డాలర్లు కావడానికి కారణం అదే. జట్లు ఆ నిబంధనను తిట్టుకుంటాయి గానీ ఆటను సరిగ్గా అర్థం చేసుకున్నది ఆ నిబంధనే. ఐదుగురిదీ ఒకే ఉద్యోగం.

అసలు రోగం ఎక్కడుందంటే, లెక్కకు అందని పనికి విలువ కట్టడం క్రీడారంగానికి చేతకాదు. పాస్‌కి గజాలున్నాయి, శాక్‌కి అంకె ఉంది. వంద బ్లాక్‌లు సరిగ్గా చేసిన గార్డు పేరు స్కోరు పట్టికలో ఎక్కడా కనబడదు. పెనాల్టీ పడ్డప్పుడే రెఫరీ అతని నంబరు చదువుతాడు. 1920లో పుట్టిన లీగ్ లైన్‌మెన్ కోసం ప్రత్యేకంగా ఒక అవార్డు ప్రకటించింది 2025లో!

మన దగ్గరా ఇదే జబ్బు. 2023 కబడ్డీ వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్ ఒక్కడి కోసం 2.6 కోట్ల రూపాయలు పెట్టింది. అప్పటికి అది రికార్డు. పవన్ తన రైడ్ పాయింట్లు తాను తెచ్చాడు. టైటాన్స్ మాత్రం 12 జట్లలో ఆఖరున నిలిచింది, గెలిచినవి రెండే మ్యాచ్‌లు. పవన్ తెచ్చిన పాయింట్లను నిలబెట్టే డిఫెన్స్ లేకపోయింది. రైడర్ చేసిన ప్రతి కదలికకూ టీవీలో రీప్లే ఉంటుంది. ఎదుటి రైడర్‌ను బోనస్ గీత దాకా రానీయకుండా రైడ్ తర్వాత రైడ్‌లో కాపు కాసిన కార్నర్ డిఫెండర్‌కి ఏ పాయింటూ రాదు, ఏ రీప్లే కూడా ఉండదు. టైటాన్స్ యాజమాన్యం వచ్చే వేలానికి వెళ్లేటప్పుడు రైడర్ల జాబితా పక్కన పెట్టి, ముందు ఇద్దరు కార్నర్లకూ ఇద్దరు కవర్లకూ బడ్జెట్ తీసి ఉంచాలి. రైడర్ ఆ మిగిలిన డబ్బులో రావాలి.