బీరువాలో కొలువైన పేస్‌మేకర్ కార్డు గారికి

మహారాజశ్రీ పేస్‌మేకర్ గుర్తింపు కార్డు గారి దివ్యసముఖమునకు,
బీరువా లోపలి సొరుగు, పట్టుచీరల అడుగున, తిరుపతి.

ఉభయకుశలోపరి. తమరు క్షేమమే, అనుమానం లేదు. కలరా ఉండల వాసన పీలుస్తూ, ఎల్‌ఐసీ బాండ్లకీ ఇంటి దస్తావేజులకీ నడుమ మడత నలగకుండా పడుకున్నారు. తమరిని జేబులో పెట్టుకు తిరగాల్సిన పెద్దాయన మాత్రం అలిపిరిలో బస్సు దిగి, తనిఖీ వరుసలో నిలబడి, ఎడమ కాలరు ఎముక కింద, గుండెను సరైన వేగంతో కొట్టించే పేస్‌మేకర్ మిషను పెట్టిన చోట ఉబ్బు చూపిస్తూ మూకాభినయం చేస్తున్నాడు. "సార్, నాకు ఈడ మిషను ఉండాది."

మెటల్ డిటెక్టర్ గేటుతో పెద్ద పేచీ లేదు. మామూలు నడకతో దాటిపోతే చాలు, దానికి ఆనుకుని నిలబడి కబుర్లు చెప్పకూడదు. ఒంట్లో ఉన్న మిషను టైటానియం డబ్బా కాబట్టి అది కుయ్యిమంటే అననీ. చిక్కల్లా చేత్తో పట్టుకుని తిప్పే డిటెక్టర్‌తో. దాన్ని ఉబ్బు మీద ఆపి అటూ ఇటూ ఆడించకూడదు, చేత్తో తడిమి చూడమనాలి. తమరు ఎదురుగా ఉంటే ఈ మాట సెక్యూరిటీ వాళ్లకి ఒక్క చూపులో అర్థమవుతుంది. తమరు లేరు కనుక వెనక వరుసలోని వాళ్లందరికీ ఆయన గుండె జబ్బు వివరంగా తెలిసింది.

తమరి విలువ ఇంట్లో తెలియక కాదు. కంపెనీ పేరు, మోడల్ నంబరు, సీరియల్ నంబరు, గుండెలోకి దించిన లీడ్‌లు (సన్నటి తీగలు) ఎన్ని, ఏ రకం, ఏ తేదీన ఏ ఆసుపత్రిలో పెట్టారు, అన్నీ తమరి ముఖానే ఉన్నాయి. డిశ్చార్జి నాడు నర్సమ్మ "ఇది ఎప్పుడూ జేబులోనే ఉండాల" అనే ఇచ్చింది. ఆ "ఎప్పుడూ" ఆసుపత్రి గేటు దాటేదాకా ఉంది. ఇంటికి రాగానే "పోతే మళ్ళా రాదు" అని తమరిని సొరుగులో వేసి తాళం పెట్టారు. ముఖ్యమైన కాగితానికి మనం చేసే మర్యాద ఇదే కదా, అవసరమైనప్పుడు దొరకని చోట భద్రపరచడం.

తమరు అజ్ఞాతంలోకి వెళ్లాక ఇంట్లో సొంత శాస్త్రం పుట్టింది. "మిక్సీ దగ్గరికి పోబాకు, ఫ్రిజ్ ముట్టుకోబాకు, టీవీకి ఎడంగా కూచో." వీటిలో దేనివల్లా పేస్‌మేకర్‌కి ఏమీ కాదు. ఫోన్ మాత్రం ఎడమ చొక్కా జేబులో, సరిగ్గా మిషను నెత్తినే ఉంటుంది. దానికి ఆరంగుళాల ఎడం కావాలి, మాట్లాడేటప్పుడు కుడి చెవికి పెట్టుకోవాలి. వెనక అయస్కాంతం ఉన్న ఫోన్లయితే మరీ జాగ్రత్త. అయస్కాంతం దగ్గరికొస్తే పేస్‌మేకర్ గుండె సొంతంగా కొట్టుకుంటోందా లేదా అని చూడటం మానేసి ఒకే వేగంతో కొట్టిస్తూ పోతుంది. ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల దూరం. ఈ సంగతి ఎవరూ ఎత్తరు, పాపం మిక్సీ మీదే అందరి కన్నూ.

ఎడమ చెయ్యి కథ ఇంకా ఘనం. లీడ్‌ల కొనలు గుండె గోడకి పట్టుకునేదాకా, అంటే నాలుగు నుంచి ఆరు వారాలు, ఆ చెయ్యి భుజం పైకి ఎత్తకూడదు, బరువులు మోయకూడదు. ఎత్తితే లీడ్ జారి మళ్ళీ ఆపరేషన్ బల్ల ఎక్కాలి. కానీ భుజం కింద చెయ్యి ఆడిస్తూనే ఉండాలి. మనవాళ్లు మూడు నెలలు గుడ్డతో కట్టి ఊరేగిస్తారు. భుజం బిగుసుకుపోతుంది. అప్పుడు ఫిజియోథెరపీకి పోతారు. అక్కడ డయాథెర్మీ అనే వేడి మిషను సిద్ధంగా ఉంటుంది. పేస్‌మేకర్ ఉన్న ఒంటికి అది అసలు పనికిరాదు, లీడ్ కొన దగ్గర గుండె కండ కాలే ప్రమాదం ఉంది. ఈ గొలుసంతా తెగేది తమరు ఆ ఫిజియోథెరపీ బల్ల మీద కనబడితేనే.

స్కానింగ్ సెంటర్‌లో అడుగుతారు: "లోపల ఇనుము ఏమైనా ఉండాదా?" "ఇనుము లేదు సార్, బ్యాటరీ ఉండాది." ఎమ్మారై తీయొచ్చా లేదా అన్నది డబ్బా ఒక్కటే చూసి తేల్చేది కాదు, లీడ్‌లు కూడా ఎమ్మారైకి తట్టుకునేవి అయ్యుండాలి. తీసేముందు మిషన్‌ని ఎమ్మారై మోడ్‌లో పెట్టి, అయ్యాక మళ్ళీ మామూలుకి తేవాలి. అన్నిటికీ తమరి నంబర్లే ఆధారం.

ఇక రాత్రిపూట కళ్లు తిరిగి పడిపోయి క్యాజువాలిటీకి తీసుకుపోయారనుకోండి. పూర్తి హార్ట్ బ్లాక్ ఉన్నవాడికి పై గదుల కరెంటు కింది గదులకి చేరదు, కింది గదులు వాటంతట అవి నిమిషానికి ముప్పై నలభై సార్లు కొట్టుకుంటాయి, ఒక్కోసారి అదీ ఉండదు. మిషను సరిగా పనిచేస్తోందా అని చూడాలంటే ఆ కంపెనీ ప్రోగ్రామర్ అనే పరికరమే కావాలి, ఒక కంపెనీది ఇంకో కంపెనీ మిషన్‌తో మాట్లాడదు. తమరు లేరు కనుక ఛాతీ ఎక్స్‌రే తీసి, డబ్బా మీద కనిపించే గుర్తుని బట్టి ఏ కంపెనీయో కనుక్కుంటారు. ఇంట్లోవాళ్లని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "ఆరోగ్యశ్రీలో వేసినారు సార్."

అశుభమే అయినా చెప్పక తప్పదు. పోయాక దహనం చేసేముందు ఈ డబ్బాని తీయించాలి. మంట వేడికి లోపలి బ్యాటరీ పేలొచ్చు. ఆ గందరగోళంలో కాటిదాకా ఎవరికీ గుర్తురాదు. మిషను ఉందని తెలిసిన ఒక్క మనిషి ముందే డాక్టరుతో చెప్పాలి. ఆ ఒక్క మనిషికైనా తమరు ఎక్కడున్నారో తెలిసుండాలి.

బ్యాటరీ చార్జింగ్ పెట్టుకునేది కాదు. సుమారు పదేళ్లకి డబ్బా మొత్తం మారుస్తారు, లీడ్‌లు బాగుంటే పాతవే ఉంచుతారు. కొత్త డబ్బాకి కొత్త తమరు వస్తారు. పాత తమరిని కూడా ఎవరూ పారేయరు. ఎమర్జెన్సీలో చేతికి దొరికేది ఎప్పుడూ ఆ పాతదే. 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో మొట్టమొదటగా ఒంట్లో పేస్‌మేకర్ పెట్టించుకున్న ఆర్నే లార్సన్ 2001 దాకా బతికాడు, మొత్తం 26 పేస్‌మేకర్లు పెట్టించుకున్నాడు. ఆయన బీరువా ఎంత పెద్దదో!

కనుక విన్నపం: పాతవారి మీద అడ్డంగా గీతకొట్టి "రద్దు" అని రాయనివ్వండి. కొత్తవారు పర్సులోకి దయచేయండి. తమరి జిరాక్సు ఒకటి కోడలి హ్యాండ్‌బ్యాగులో, ఫోటో ఒకటి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంటుంది. లామినేషన్ ఇరవై రూపాయలు, మేమే పెట్టుకుంటాం.

ఇట్లు,
బీరువా తాళం కోసం వెతుకుతున్న కుటుంబసభ్యులు