35 శాతం ఉచితం అన్న మెసేజ్‌లో చెప్పని లెక్క

వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. "చిన్న ఫ్యాక్టరీ పెట్టుకునేవాళ్ళకి కేంద్రం రూ.50 లక్షలు ఇస్తోంది. అందులో 35 శాతం తిరిగి కట్టక్కర్లేదు. తాకట్టు లేదు, చేతి డబ్బు పెట్టక్కర్లేదు, ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంటే చాలు" అని దాని సారాంశం. (ఉద్యమ్ అంటే చిన్న యూనిట్ల ప్రభుత్వ రిజిస్ట్రేషన్.) అడుగున ఎవరిదో ఫోన్ నంబరు.

మొన్న మా బావమరిది దీన్ని పట్టుకుని ఇంటికొచ్చాడు. పేపర్ ప్లేట్ల మిషన్ కొటేషన్ వెనక పెన్సిల్‌తో లెక్క కూడా వేసుకొచ్చాడు. మొత్తం పది లక్షలు, ప్రభుత్వం ఇచ్చేది మూడున్నర, మనం కట్టేది ఆరున్నర. "కరెక్టే కదా బావా?" అన్నాడు.

కాదు. పూర్తిగా అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. సగం నిజం కాబట్టే చిక్కు.

మెసేజ్ చెబుతున్నది పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం గురించి. 2008లో మొదలైన పథకం, దేశస్థాయిలో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ చూస్తుంది. 2022లో మార్చిన నియమాల ప్రకారం తయారీ యూనిట్‌కి ప్రాజెక్టు విలువ గరిష్ఠంగా రూ.50 లక్షలు. అది ప్రభుత్వం చేతిలో పెట్టే మొత్తం కాదు. అందులో ఎక్కువ భాగం బ్యాంకు ఇచ్చే అప్పు, ఇవ్వాలా వద్దా అన్నది కూడా బ్యాంకే తేలుస్తుంది.

ఇక 35 శాతం. అది పల్లెల్లో యూనిట్ పెట్టే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలు, దివ్యాంగులు, మాజీ సైనికుల వంటివారికి. వాళ్ళే పట్టణంలో పెడితే 25. జనరల్ వాళ్ళకి పల్లెలో 25, పట్టణంలో 15. మావాడు జనరల్, చూసుకున్న షెడ్డు టౌన్లో ఉంది. అంటే మూడున్నర లక్షలు కాదు, లక్షన్నర. పెన్సిల్ లెక్క అక్కడే రెండు లక్షలు తప్పింది.

చేతి డబ్బు అక్కర్లేదన్నదీ తప్పే. జనరల్ అయితే ప్రాజెక్టులో 10 శాతం, మిగతావారైతే 5 శాతం సొంతంగా పెట్టాలి. స్థలం కొన్న ఖర్చును ప్రాజెక్టు విలువలో కలపనివ్వరు.

అసలు మెలిక "ఉచితం" అన్న మాటలో ఉంది. ఆ లక్షన్నర మన చేతికి రాదు. మన పేరు మీదే బ్యాంకులో మూడేళ్ళ డిపాజిట్‌గా కూర్చుంటుంది. దాని మీద వడ్డీ రాదు, అంతమేర అప్పు మీద వడ్డీ కూడా వేయరు. మూడేళ్ళయ్యాక, యూనిట్ నిజంగా నడుస్తోందని తనిఖీ చేసిన తర్వాతే అప్పులో సర్దుతారు. మావాడి విషయంలో సొంత లక్ష, బ్యాంకు తొమ్మిది లక్షలు, వడ్డీ పడేది ఏడున్నర మీద. నాలుగో నెలలో పేపర్ రోల్స్ అయిపోయి, షాపులవాళ్ళు "వచ్చే వారం ఇస్తాం" అంటుంటే ఆ డిపాజిట్ రసీదు పనికిరాదు. ఈఎంఐ మాత్రం తేదీకి కట్ అవుతుంది. ఆ టెన్షన్ గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

తాకట్టు విషయంలో మెసేజ్ కొంత నయం. చిన్న యూనిట్లకి కనీసం రూ.10 లక్షల వరకు బ్యాంకులు తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకే చెప్పింది. ఆపైన అప్పులకి 2000లో కేంద్రం, చిన్న పరిశ్రమల బ్యాంకు సిడ్బీ కలిసి పెట్టిన గ్యారంటీ ట్రస్టు సీజీటీఎంఎస్ఈ ఉంది. కానీ ఆ గ్యారంటీ బ్యాంకుకి, మనకి కాదు. మనం ఎగ్గొడితే ట్రస్టు బ్యాంకు నష్టంలో కొంత భరిస్తుంది, మన బాకీ మాత్రం మన మీదే ఉంటుంది.

ఇప్పటికే నడుస్తున్న లేత్ షాపు మీద కూడా ఈ సబ్సిడీ తెచ్చుకోవచ్చని కొందరు అనుకుంటున్నారు. కుదరదు, ఈ పథకం కింద మొదటిసారి ఇచ్చే అప్పు కొత్త యూనిట్లకే.

ఉద్యమ్ సర్టిఫికెట్‌కి ప్రభుత్వ పోర్టల్లో పైసా ఫీజు లేదు. పీఎంఈజీపీ దరఖాస్తూ అంతే, ఆన్‌లైన్లో ఉచితం. సందేహాలుంటే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్ళి అడగొచ్చు. అడుగున ఉన్న ఆ ఫోన్ నంబరు దేనికో మీరే ఊహించుకోండి.

ఉద్యమ్ ఉంటే అప్పు రాసిపెట్టినట్టేనన్నది కూడా ఉత్త మాట. దాని అసలు ఉపయోగం వేరే చోట ఉంది, మెసేజ్ రాసినవాళ్ళు దాన్ని పట్టించుకోలేదు. చిన్న సంస్థల కోసం 2006లో తెచ్చిన ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, ఉద్యమ్ ఉన్న సూక్ష్మ, చిన్న యూనిట్ దగ్గర సరుకు తీసుకున్నవాళ్ళు ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే 'బ్యాంక్ రేటు'కి మూడు రెట్లు వడ్డీ కట్టాలి, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇవ్వకపోతే ఇలాంటి బాకీల గొడవలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. సరుకు పంపే ముందే ఉద్యమ్ నంబరు తీసుకుని బిల్లు మీద వేయడం మేలు. పంపిన తర్వాత తీసుకుంటే పాత బిల్లులకి ఈ రక్షణ దొరకడం కష్టం.

మావాడు కొటేషన్ తిప్పి మళ్ళీ లెక్క మొదలుపెట్టాడు. ఈసారి మొదటి గీతలో మిషన్ ధర బదులు రెండు నెలల పేపర్ రోల్స్ ఖర్చు రాశాడు.