తెల్లమచ్చ కనిపించిన రోజే చికిత్స

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఒక్క 2022లోనే మన దేశంలో దాదాపు 80 వేల మంది మహిళలను బలి తీసుకుందని అంతర్జాతీయ అంచనా. నిజానికి ఇది తొందరపడి వచ్చే జబ్బు కాదు. హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) సోకింది మొదలు క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఆ గడువంతా చేజారి, నెత్తురు కనిపించాకే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల ఆడవాళ్లు విశాఖ బస్సెక్కాల్సి రావడం మాకు సమ్మతం కాదు.

ఆ ఏళ్లలో కణం లోపల జరిగేది తెలిస్తే ఎక్కడ అడ్డుకోవాలో తెలుస్తుంది. హెచ్‌పీవీలో 200కు పైగా రకాలున్నా, ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 రకాలే కారణం. కంటికి కనిపించని గీరుగాయాల గుండా వైరస్ ముఖద్వారపు అట్టడుగు కణాల్లోకి చేరుతుంది. ఎక్కువమందిలో రెండేళ్లలోపే ఒంటి రోగనిరోధక శక్తి దాన్ని తరిమేస్తుంది. ప్రమాదమంతా అది తిష్ఠ వేసినవారికే.

తన డీఎన్ఏకు నకళ్లు తీయాలంటే వైరస్‌కు కణం సరంజామా కావాలి. పై పొరలకు చేరే కణాలు మామూలుగా విభజన మానేస్తాయి. వైరస్ తయారుచేసే ఈ7 ప్రొటీన్ వాటిని మాననివ్వదు. విభజనకు పగ్గం వేసి ఉంచే ఆర్‌బీ ప్రొటీన్‌ను అది పట్టేస్తుంది. దాంతో ఆర్‌బీ కట్టేసి ఉంచిన ఈ2ఎఫ్ అనే ప్రొటీన్ విడుదలై కణం మళ్లీ డీఎన్ఏ నకళ్లకు దిగుతుంది. ఇలాంటి తప్పును పసిగట్టి కణాన్ని ఆపేది, అవసరమైతే చంపేది పీ53 అనే కాపలా ప్రొటీన్. వైరస్ తయారుచేసే మరో ప్రొటీన్ ఈ6 ఆ పీ53నే ముక్కలు చేయిస్తుంది. పైగా క్రోమోజోము కొనలు అరిగిపోకుండా కాచే టెలోమరేజ్ ఎంజైమ్‌ను మేల్కొలిపి విభజనలకు అంతు లేకుండా చేస్తుంది.

అసలు విధ్వంసం విభజన సమయంలోనే. ఈ7 ప్రభావంతో, క్రోమోజోములను చెరోవైపు లాగే కేంద్రాలైన సెంట్రోసోములు రెండుకు బదులు మూడో నాలుగో పుడతాయి. క్రోమోజోములు అన్ని వైపులకూ లాగబడి, ఒక పిల్లకణానికి ఎక్కువ, మరోదానికి తక్కువ చేరతాయి. వైరస్ డీఎన్ఏ మన క్రోమోజోములో అతుక్కునేటప్పుడు తరచూ ఈ2 జన్యువు తెగిపోతుంది. ఈ6, ఈ7లను అదుపులో ఉంచేది అదే కాబట్టి, ఇక వాటికి అడ్డుండదు.

టీకా వైరస్ పైతొడుగైన ఎల్1 ప్రొటీన్‌ను గుర్తుపట్టడం శరీరానికి నేర్పుతుంది. అట్టడుగు కణాల్లో తిష్ఠ వేసిన వైరస్ ఆ తొడుగును తయారుచేయదు. అందుకే సోకాక టీకా ఆ వైరస్‌ను వదిలించలేదు. 9 నుంచి 14 ఏళ్ల వయసే సరైన అదను. ఆ వయసులో ఒక్క డోసూ సరిపోతుందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2009లో ఖమ్మం జిల్లాలో జరిగిన టీకా ప్రాజెక్టు భయాలు ఇంకా పోలేదు. అప్పట్లో టీకా వేయించుకున్న కొందరు బాలికలు చనిపోయారు; ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవడంలో లోపాలు మాత్రం నిజం. కాబట్టి అమ్మానాన్నలకు తెలుగులో విడమరచి చెప్పి, సంతకం తీసుకున్నాకే సూది వేయాలి.

టీకా వయసు దాటిన తల్లులకు పరీక్షే దారి. జాతీయ కార్యక్రమం ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి వీఐఏ (ఆమ్లం అద్ది ముఖద్వారాన్ని కంటితో చూసే పరీక్ష) చేయాలి. 5 మిల్లీలీటర్ల గాఢ ఎసిటిక్ ఆమ్లాన్ని 95 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, దూదితో ముఖద్వారానికి అద్ది, నిండా ఒక నిమిషం ఆగాలి. విభజన అదుపు తప్పిన చోట కణాలు కిక్కిరిసి, కేంద్రకాలు పెద్దవై ఉంటాయి. వాటిలోని ప్రొటీన్లు ఆమ్లానికి గడ్డకట్టి ఆ చోటు తెల్లబడుతుంది. అర నిమిషానికే చూసేసినా, నిల్వ ద్రావణం వాడినా, వెలుతురు చాలకపోయినా మచ్చ తప్పిపోతుంది. ముట్లాగిపోయినవారిలో మార్పులు వచ్చే భాగం లోపలికి జరిగిపోతుంది కనుక వీఐఏను నమ్మలేం. వారికి హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష కావాలి. దాని నమూనాను మహిళ తానే తీసుకోవచ్చు, మొహమాటం అడ్డురాదు.

మచ్చ కనిపించాక "పెద్దాసుపత్రికి వెళ్లమ్మా" అని చీటీ రాసి పంపడంతోనే పని చెడుతోంది. ఇచ్ఛాపురం నుంచి విశాఖ 200 కిలోమీటర్ల పైమాటే. పలాస జీడిపప్పు పరిశ్రమలో రోజుకూలికి వెళ్లే మనిషి, ఏ నొప్పీ లేని మచ్చ కోసం కూలి పోగొట్టుకుని అంత దూరం వెళుతుందా? మచ్చ కనిపించిన రోజే అక్కడికక్కడే దాన్ని వేడితో మాడ్చే దారి ఉంది, అదే థర్మల్ అబ్లేషన్. ఆ పరికరం చేతిలో ఇమిడిపోతుంది, బ్యాటరీతో నడుస్తుంది. సుమారు 100 డిగ్రీల వేడిమీదున్న ప్రోబును ఒక్కో చోట 20 నుంచి 30 సెకన్లు ఆనిస్తే చెడ్డ పొర మాడిపోతుంది. మత్తు అక్కర్లేదు. మచ్చ ముఖద్వారంలో ముప్పావు వంతు మించినా, లోపలి దారిలోకి పాకినా, క్యాన్సర్ అనుమానం ఉన్నా దీన్ని వాడకూడదు. వారిని మాత్రం బయాప్సీకి (చిన్న ముక్క తీసి చేసే పరీక్షకు) పంపాల్సిందే.

రెండు జిల్లాల్లోని ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రానికీ ఈ పరికరం ఇవ్వాలి, అక్కడి డాక్టర్లకూ నర్సులకూ శిక్షణ ఇవ్వాలి. చికిత్స అయిన ఏడాదికి మళ్లీ పరీక్ష తప్పనిసరి. అప్పటికి ఆమె హైదరాబాద్‌లోనో చెన్నైలోనో కూలి పనిలో ఉండొచ్చు. అందుకే పరీక్ష తేదీ, ఫలితం, చేసిన చికిత్స రాసిన కార్డు ఆసుపత్రి రిజిస్టరుతోపాటు ఆమె చేతిలోనూ ఉండాలి. సంక్రాంతికి ఊరొచ్చినవాళ్ల కోసం ఆ వారమంతా పరీక్ష గది తెరిచి ఉంచాలి.